దొర లేని దీవి

సముద్రం నడుమ ఊళ్లు – 6

గత సంచికలో నెపోలియన్‌ను సెయింట్ హెలీనా దీవిలో దింపి ఆగాం. 1815 అక్టోబరులో అతను అక్కడ అడుగుపెట్టిన దగ్గర్నుంచి లండన్ పెద్దలకు కంటిమీద కునుకు లేదు. ఎల్బా నుంచి ఒకసారి తప్పించుకున్నవాడు రెండోసారి తప్పించుకోడన్న నమ్మకం ఏముంది? అభిమానులెవరైనా దగ్గర్లో ఏ దిబ్బ చాటునో మాటువేసి, అదను చూసి ఎత్తుకుపోతే? పటం పరిచి వెతికారు. సెయింట్ హెలీనాకు దక్షిణంగా దాదాపు 2,400 కిలోమీటర్ల అవతల ఒక చుక్క కనబడింది. ట్రిస్టన్ డ కున్యా. అంతకుముందు 1812లో మొదలైన యుద్ధంలో అమెరికా ఓడలు దాన్ని విడిదిగా వాడుకుని బ్రిటిష్ ఓడల మీద పడ్డ సంగతి కూడా వాళ్లకు గుర్తుంది. ఇక ఆలస్యం చేయలేదు. 1816 ఆగస్టు 14న కేప్ టౌన్ నుంచి వచ్చిన చిన్న దండు అక్కడ బ్రిటిష్ జెండా ఎగరేసింది.

మన ఊళ్లో దొంగ పడతాడేమోనని పొరుగు జిల్లాలో కుక్కను కట్టేసినట్టుంది ఈ ఏర్పాటు. అది పనికిరాదని లండన్‌కు తెలిసిరావడానికి ఏడాది కూడా పట్టలేదు. 1817 చివర్లో దండు తిరుగుముఖం పట్టింది. అప్పుడు ఓడ ఎక్కకుండా ఉండిపోయిన కొద్దిమందితోనే ఈవారం మన కథ మొదలవుతుంది. వాళ్లు పెట్టిన ఊరు రెండు వందల ఏళ్లు దాటినా ఇంకా ఉంది. దాని పక్కనే అగ్నిపర్వతం బద్దలైన తర్వాత కూడా ఉంది.

గాలి గీసిన దారి

ట్రిస్టన్ అంటే అట్లాంటిక్ అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతమే. శిఖరం సముద్రమట్టానికి 2,062 మీటర్ల ఎత్తు. దీవి ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది, అడ్డకొలత పన్నెండు కిలోమీటర్లకు మించదు. చుట్టూ ఆరువందల మీటర్ల కొండచరియలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతాయి. వాయవ్య మూలన మాత్రం చరియ పాదాన కాస్త చదునునేల ఉంది. ఊరైనా సాగైనా పశువుల మేతైనా ప్రధానంగా ఆ చదును మీదే. తూర్పున కేప్ టౌన్ దాదాపు 2,800 కిలోమీటర్లు. కనుచూపు మేరలో ఉన్నవి ఇనాక్సెసిబుల్, నైటింగేల్ అనే మరో రెండు దీవులు, వాటి మీద మనుషులు లేరు.

ఇంత మారుమూల నేలకు, మన దేశానికి చుట్టరికం మొదటినుంచీ ఉంది. 1506లో ఈ దీవిని చూసి తన పేరు తగిలించిన పోర్చుగీసు సేనాని ట్రిస్టాఁవ్ డ కున్యా ఇండియాకు వస్తున్న నౌకాదళానికి నాయకుడు. నాలుగేళ్ల తర్వాత గోవాను పట్టుకున్న అల్బుకర్క్ కూడా ఆ ప్రయాణంలో ఉన్నాడు. కున్యా దీవిని చూశాడే తప్ప దాని మీద కాలు పెట్టలేదు.

ఇండియాకు వచ్చేవాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లారంటే, తెరచాప ఓడ గాలి చెప్పిన దారిన పోవలసిందే. ఆఫ్రికా పడమటి ఒడ్డు వెంబడి నేరుగా దిగితే ఎదురుగాలి. అందుకని బ్రెజిల్ వైపుగా పెద్ద వంపు తిరిగి, బాగా దక్షిణానికి దిగి, అక్కడ ఏడాది పొడుగునా వీచే పడమటి గాలిని అందుకుని, ఆ ఊపుతో ఆఫ్రికా కొన చుట్టి హిందూ మహాసముద్రంలోకి వచ్చేవారు. ట్రిస్టన్ ఆ గాలి దారి పక్కనే ఉంది. బొంబాయికి, మద్రాసుకు, కలకత్తాకు వచ్చే ఈస్టిండియా ఓడలకు అది తెలిసిన గుర్తు. నెలల తరబడి నీళ్లు తప్ప నేల చూడని నావికులకు మంచినీళ్లు, కూరగాయలు దొరికే చోటుగా పనికొస్తుందన్న ఆలోచన ఎవరికో ఒకరికి రావలసిందే.

అది 1810లో జొనాథన్ లాంబర్ట్‌కు వచ్చింది. అమెరికాలో సేలం పట్టణపువాడు. కొద్దిమంది సహచరులతో దిగి, మరుసటి ఏడాది మొదట్లోనే ఈ దీవులన్నీ తన సొంతమని ప్రకటించుకున్నాడు. వాటికి సేదదీరే దీవులని కొత్తపేరు పెట్టాడు, జెండా కూడా తయారుచేశాడు. ఏలడానికి ప్రజలు లేని ఆ రాజ్యం ఏడాదిన్నరైనా నిలవలేదు. 1812లో లాంబర్ట్ పడవ మునిగి పోయాడు. బ్రిటిష్ దండు దిగేసరికి అతని సహచరుల్లో మిగిలింది థామస్ కరీ అనే ఇటాలియన్. తన దగ్గర పాతిపెట్టిన నిధి ఉందని సైనికులకు ఆశచూపి, వాళ్లు పోసిన సారా తాగి తాగి, చోటు చెప్పకుండానే ప్రాణం విడిచాడని దీవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిధి మాట దేవుడెరుగు, ఈ దీవిలో దొరతనం చేయబోయిన మొదటి ప్రయత్నం మాత్రం అలా ముగిసింది.

కాగితం మీద సమానులు

దండుతో వచ్చినవాళ్లలో విలియం గ్లాస్ అనే కార్పొరల్ ఉన్నాడు. స్కాట్లండ్‌లోని కెల్సో అతని సొంతూరు. భార్య మరియా కేప్ ప్రాంతపు మనిషి. ఇద్దరు చిన్నపిల్లలు. ప్లిమత్ నుంచి వచ్చిన శామ్యూల్ బర్నెల్, జాన్ నాన్‌కివెల్ అనే ఇద్దరు తాపీమేస్త్రీలు కూడా వాళ్లతో ఉండిపోవడానికి సిద్ధపడ్డారు. దండు వెళ్లిపోతూ కొన్ని పశువులను, సామాన్లను వదిలింది. దండును తీసుకుపోయే పనిలోనే, 1817 అక్టోబరులో, జూలియా అనే యుద్ధనౌక దీవి ఒడ్డునే రాళ్లకు కొట్టుకుని పగిలింది. యాభైమందికి పైగా చనిపోయారు. ఉండదలచినవాళ్లు ఎలాంటి సముద్రం పక్కన ఉండబోతున్నారో కళ్లారా చూసే ఉండిపోయారు.

1817 నవంబరు 7న వాళ్లు ఒక ఒప్పందం రాసుకున్నారు. ఆ ప్రతి లండన్‌లో భద్రంగా ఉంది. అందులోని షరతులు చాలా సూటిగా ఉంటాయి. పశువులూ సరుకులూ అందరివీ. లాభం వస్తే సమానంగా పంచుకోవాలి. కొనుగోళ్ల ఖర్చు సమానంగా భరించాలి. సభ్యుల్లో ఎవరూ మరొకరిమీద పెత్తనం చేయరాదు. జబ్బుపడితే తప్ప ఎవరి వంతు పని వాళ్లు చేయాలి. అది ఫ్రెంచి విప్లవపు మాటలు ఇంకా గాలిలో ఉన్న కాలం. అయినా ఇది ఏ తత్వవేత్త రాసిందీ కాదు. బ్రిటిష్ సైన్యంలో కింది మెట్టు మీద నిలబడి, పైవాడి ఆజ్ఞల బరువు ఎరిగినవాళ్లు తమకోసం రాసుకున్న వ్యాపార ఒడంబడిక.

కాగితం పుట్టినంత చక్కగా బతుకు సాగలేదు. మేస్త్రీలిద్దరూ కొన్నేళ్లలోపే వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో దారితప్పిన నావికులు, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్లు చేరారు. పెత్తనం ఉండదని రాసుకున్న ఊళ్లోనే గ్లాస్‌ను అందరూ గవర్నర్ అని పిలవడం మొదలెట్టారు. ఇక ఆ సమానత్వం లెక్క మగవాళ్లదే. పదహారుమంది పిల్లల్ని కని పెంచిన మరియాకు పెత్తనం ఉందో లేదో ఆ కాగితం చెప్పదు.

1821లో బొంబాయి వస్తున్న బ్లెండెన్ హాల్ అనే ఓడ పక్కనున్న ఇనాక్సెసిబుల్ దీవిమీద పగిలింది. ఇండియాలో ఉద్యోగాలకూ కాపురాలకూ బయలుదేరిన ప్రయాణికులు నెలల తరబడి పెంగ్విన్ మాంసం, అడవి ఆకులు తిని ప్రాణాలు నిలుపుకున్నారు. చివరికి శిథిలాల చెక్కలతో పడవ కట్టుకుని కొందరు ట్రిస్టన్ చేరితే, గ్లాస్ పడవలు వెళ్లి మిగతావాళ్లను తీసుకొచ్చాయి. 1824లో ఆగస్టస్ ఎర్ల్ అనే చిత్రకారుడు బొమ్మలు గీద్దామని దిగేసరికి గాలి ముదిరి ఓడ అతన్ని వదిలేసి పోయింది. మరో ఓడ వచ్చేదాకా ఎనిమిది నెలలు పిల్లలకు చదువు చెప్పాడు, ఆదివారం ప్రార్థన చదివాడు, ఊరి బొమ్మలు గీశాడు. ఈ ఎర్ల్ తర్వాత మద్రాసుకూ వచ్చి కొన్నాళ్లు చిత్రాలు గీసి బతికాడు. తొలినాళ్ల ట్రిస్టన్ ఎలా ఉండేదో ఇవాళ మనం చూడగలుగుతున్నది చాలావరకు అతని కుంచె పుణ్యమే.

పెళ్లికాని మగవాళ్లు ఐదుగురు పోగయ్యేసరికి వాళ్లు ఒక ఓడ కెప్టెన్‌ను సాయమడిగారు. 1827లో ఆయన సెయింట్ హెలీనా నుంచి ఐదుగురు ఆడవాళ్లను తెచ్చి దింపాడు. ఒకామె తన పిల్లల్ని కూడా తెచ్చుకుంది. ముందు ఒడ్డుకు దిగినావిడనే చేసుకుంటానని థామస్ స్వేన్ అనే నావికుడు ప్రతిన పట్టాడని ఒక కథ. ఎవరు ఎవరిని చూసి ఒప్పుకున్నారో, ఒప్పుకోలేక ఒప్పుకున్నారో రాసిపెట్టినవాళ్లు లేరు. ఆ ఆడవాళ్ల పేర్లలో కొన్ని కూడా సరిగా నిలవలేదు. ఊరి ఇంటిపేర్లు మాత్రం మగవాళ్లవే నిలిచాయి: గ్లాస్, స్వేన్, హాలండు నుంచి వచ్చిన గ్రీన్, అమెరికా తిమింగలాల ఓడల మీది రోజర్స్, హేగన్, 1892లో ఓడ పగిలి చేరిన ఇటాలియన్లు రెపెట్టో, లవరెల్లో. స్కాట్లండ్, ఇంగ్లండ్, హాలండ్, ఇటలీ, అమెరికా, ఆఫ్రికా – ఇన్ని రక్తాలు కలిసిన ఊరు అప్పటి భూమ్మీద ఎన్ని ఉన్నాయో కానీ, వాటిలో ఇంత చిన్నది మరొకటి ఉండి ఉండదు.

దుంప, రాయి, గుడ్డ పడవ

వాళ్లు ఎలా బతికారో చూద్దాం. ఊరికి పడమరగా మూడు కిలోమీటర్ల దూరంలో బంగాళాదుంప మడులున్నాయి. దీవివాళ్లకు అన్నమూ అదే, ఆదాయమూ అదే. ఉప్పుగాలి మొక్కను మాడ్చేస్తుంది కాబట్టి ప్రతి మడి చుట్టూ సున్నం లేకుండా లావారాళ్లు పేర్చిన గోడ ఉంటుంది. మడులు చాలా చిన్నవి. పెద్దగా ఉంటే గోడ చాటు నడిమి మొక్కకు అందదు. ఎరువుకు పక్షుల రెట్ట, గొర్రెల పేడ, ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచు. నాటేటప్పుడు, తవ్వేటప్పుడు కుటుంబం మొత్తం ఎడ్లబండి కట్టుకుని కదిలేది. మడుల దగ్గర చిన్న గుడిసెలు కూడా ఉండేవి. వాటి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇళ్లు మెత్తటి అగ్నిపర్వతపు రాతిని గొడ్డలితో చెక్కి కట్టినవి. గాలి వచ్చే వైపు గోడ చివర మీటరు దాకా మందంగా ఉంటుంది. అన్ని ఇళ్లూ సముద్రం వైపే ముఖం పెట్టి ఒకే వరసలో నిలబడతాయి, ఎందుకంటే గాలి ఊరికి ఒక్కటే. పైకప్పు గడ్డిది. దీవిలో కలప లేదు, ఉన్న చెట్టు వంకరటింకర పొట్టిది. దూలాలు, తలుపులు, బల్లలు అన్నీ పగిలిన ఓడలవే. ఏ ఇంట్లో ఏ తలుపు ఏ ఓడదో చెప్పగలిగిన ముసలివాళ్లు ఉండేవారు. ఒకరి చావు మరొకరి ద్వారబంధం కావడం అక్కడ వింత కాదు.

ఇక పడవ. ఈ ఊరి కథకు అసలు కీలకం ఇదే. ఓడరేవు లేదు. అల ఒడ్డును నేరుగా కొడుతుంది. పడవ దింపగలిగిన రోజులు ఏడాదిలో అరవై డెబ్బైకి మించవని చెబుతారు. చెక్కపడవ బరువు, పైగా చెక్క లేదు. అందుకని సన్నని చెక్క పక్కటెముకలు అమర్చి, దానిమీద కేన్వాసు గుడ్డ బిగించి, రంగు పూతలు పూసి పొడుగాటి పడవలు చేసుకున్నారు. కొంతమంది కలిసి భుజాలమీద మోయగలిగేంత తేలిక. రాయి తగిలితే చిరుగుతుంది, కానీ కుట్టుకోవచ్చు. వాటి మీదే తెరచాప ఎత్తి దాదాపు నలభై కిలోమీటర్ల అవతలి నైటింగేల్ దీవికి వెళ్లి పక్షుల గుడ్లు, కొవ్వు, రెట్ట తెచ్చుకునేవారు. దూరంగా ఏదైనా ఓడ కనిపిస్తే ఉన్న దుంపలు, గుడ్లు, గొర్రెలు, అల్లిన మేజోళ్లు వేసుకుని ఉరికేవారు. మారుగా పిండి, చక్కెర, టీ, గుడ్డ, మేకులు.

ఆ పడవను ఒక్కడు దింపలేడు. ఒక్కడు లాగలేడు. అల వచ్చే నిమిషం చూసి పదిమంది ఒక్క ఊపులో తోయాలి, వచ్చినప్పుడు పదిమంది నడుములోతు నీళ్లలో దిగి పట్టుకోవాలి. ఇంటికొకరు రాకపోతే ఏ ఇంటికీ పిండి రాదు. 1817 నాటి కాగితాన్ని ఊరు బతికించిందా, పడవ బతికించిందా అంటే పడవకే నా ఓటు. పదిమందితో పని ఉన్నంతకాలం ఎవడూ పదిమందికి పైవాడు కాలేడు.

దారి మళ్లిన ఓడలు

1850ల నాటికి ఊరు వందకు దగ్గరపడింది. అక్కడినుంచి కష్టాలు వరస కట్టాయి. గ్లాస్ 1853లో చనిపోయాడు. అతని కుటుంబంలో చాలామంది అమెరికాకు, తర్వాతి ఏడాదుల్లో మరికొందరు కేప్‌కు వెళ్లిపోయారు. ఊళ్లో ముప్ఫైమంది కూడా మిగల్లేదు. 1867లో విక్టోరియా రాణి కుమారుడు, ఎడిన్‌బరో డ్యూక్ ఆల్‌ఫ్రెడ్ వచ్చిపోయాక ఊరికి ఎడిన్‌బరో ఆఫ్ ది సెవెన్ సీస్ అనే ఘనమైన పేరు పెట్టారు. ఊరివాళ్లు మాత్రం ఇప్పటికీ సెటిల్‌మెంట్ అనే అంటారు.

పేరు పెరిగింది, రాకపోకలు తగ్గాయి. భూమిలోంచి తీసిన కిరసనాయిలు తిమింగలం నూనెను దీపాల్లోంచి తరిమేసింది, దాంతో అమెరికా తిమింగలాల ఓడలు పల్చబడ్డాయి. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకుంది. ఇండియా వచ్చే ఆవిరి ఓడలకు ఆఫ్రికా చుట్టి రావలసిన అవసరమే పోయింది. బొంబాయిని యూరపుకు దగ్గర చేసిన ఆ కాలువే ట్రిస్టన్‌ను అందరికీ దూరం చేసింది. ఓడల దారి పక్కన పుట్టిన ఊరు, దారి మళ్లాక ఒంటరిదైంది.

1882లో హెన్రీ బి. పాల్ అనే అమెరికన్ ఓడ ఒడ్డుకెక్కింది. ఆ ఓడలోంచి ఎలుకలు దిగాయి. వాటి దెబ్బకు గోధుమ సాగు చేతులెత్తేసింది, గూళ్లలోని పక్షులూ ఖాళీ అయ్యాయి. ఇక దుంప ఒక్కటే దిక్కు. ఆ ఇరుకులోనే 1885 నవంబరు చివర్లో వెస్ట్ రైడింగ్ అనే ఓడ దూరంగా కనిపించింది. సముద్రం బాగాలేదు. అయినా పదిహేనుమంది మగవాళ్లు ఒక కొత్త లైఫ్‌బోటులో బయలుదేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఊళ్లో పడవ నడపగలిగిన మగవాళ్లలో ఎక్కువమంది ఒక్కపూటలో పోయారు. బయటి పత్రికలు దాన్ని విధవల దీవి అన్నాయి.

మర్నాటినుంచి మడులు తవ్వింది, పశువుల్ని కాసింది ఆడవాళ్లు. ఖాళీ చేసి వెళ్లిపొమ్మని బ్రిటిష్ ప్రభుత్వం చెప్పింది, తర్వాత కొందరు వెళ్లారు కూడా. ఎలిస్ కథ రాసిన లూయిస్ కరోల్ తమ్ముడు ఎడ్విన్ డాడ్జ్‌సన్ అప్పట్లో ఇక్కడ మతగురువు. ఊరిని ఖాళీ చేయించాలని ఆయన కూడా గట్టిగా ప్రయత్నించినవాడే. మిగిలినవాళ్లు కదల్లేదు. తర్వాతి దశాబ్దాల్లో ఓడ రాక ఎంత అరుదైందంటే, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన సంగతి 1919లో ఒక యుద్ధనౌక వచ్చి చెబితే గాని వాళ్లకు తెలియలేదు.

డబ్బు దిగిన రోజు

1937–38లో నార్వే శాస్త్రవేత్తల బృందం వచ్చి మొక్కల్నీ పక్షుల్నీ మనుషుల్నీ నెలల తరబడి పరిశీలించింది. వాళ్లను ఆశ్చర్యపరచినవాటిలో దీవివాళ్ల పళ్లు ఒకటి. పేస్టు లేదు, బ్రష్షు లేదు, పిల్లల్లో పుచ్చుపన్ను దాదాపు లేదు. తిండి అంతా దుంప, చేప, గుడ్డు, పాలు. చక్కెర ఓడ వస్తేనే.

1942లో బ్రిటిష్ నౌకాదళం ఇక్కడ రహస్యంగా ఒక రేడియో కేంద్రం పెట్టింది. జర్మన్ జలాంతర్గాముల సందేశాలను ఆలకించడం దాని పని. ఆ కట్టడాలకు మట్టి మోసినవాళ్లకు కూలి డబ్బు ఇచ్చారు. అప్పటిదాకా ఊళ్లో డబ్బుతో పనే లేదు. కొనడానికి అంగడి ఉంటే కదా! దళం అంగడి కూడా తెరిచింది. 1946లో తమకు సొంత తపాలా బిళ్లలు కావాలని అర్జీ పెడుతూ ఒక నమూనా గీయించారు. దాని మీద వెల రెండు రకాలుగా ఉంది: ఒక పెన్నీ, లేదా నాలుగు బంగాళాదుంపలు. అధికారులు ఒప్పుకోలేదు. బిళ్లలు 1952లో గాని రాలేదు. కానీ పాత మారకం నుంచి కొత్త నాణేనికి ఊరు దాటుతున్న క్షణం ఆ చిన్న కాగితంలో ఉన్నంత స్పష్టంగా ఏ నివేదికలోనూ ఉండదు.

1949 నాటికి రాక్ లాబ్‌స్టర్ల పరిశ్రమ వచ్చింది. మన పెద్దరొయ్యకు దూరపు చుట్టం ఈ లాబ్‌స్టర్. దీవి చుట్టూ నీళ్లలో పుష్కలం. ఒడ్డున ఒక చిన్న కర్మాగారం లేచింది, మగవాళ్లకు వేటలో, ఆడవాళ్లకు శుభ్రం చేసే పనిలో కూలి దొరికింది. డాక్టరు, నర్సు, బడి, పాలనాధికారి వచ్చారు. అంగట్లో చక్కెర, మైదా, మిఠాయి ఏడాది పొడుగునా దొరకసాగాయి. కొద్ది ఏళ్లకే పిల్లల పళ్లు పుచ్చడం మొదలైందని దంతవైద్యులు నమోదు చేశారు.

1961 అక్టోబరు

కొండ అప్పటిదాకా నిద్రలో ఉంది. అది బతికే ఉందన్న ఊహ ఊళ్లో ఎవరికీ లేదు. 1961 ఆగస్టులో నేల వణకడం మొదలైంది. మొదట గిన్నెలు గలగలమనేవి, పోనుపోను చరియల మీంచి రాళ్లు దొర్లసాగాయి. అక్టోబరు 8 నాటికి కొన్ని ఇళ్ల తలుపులు బిగుసుకుపోయి తెరుచుకోవడం మానేశాయి. మర్నాడు ఊరికి తూర్పు అంచున, చివరి ఇళ్లకు కొన్ని వందల మీటర్ల దూరంలోనే, గడ్డినేల చీలింది. చీలిక పక్కన నేల ఉబ్బుతూ చూస్తుండగానే గుట్ట అయింది.

ఆ సాయంత్రం ఊరంతా దుంప మడుల దగ్గరి గుడిసెలకు నడిచింది. ముసలివాళ్లను ట్రాక్టరు మీద, ఎడ్లబండ్ల మీద ఎక్కించారు. చంటిబిడ్డలు, దుప్పట్లు తప్ప ఏమీ పట్టుకోలేదు. ఎముకలు కొరికే చలిలో ఆ రాత్రి గడిపి, 10న పొద్దున్నే పడవలెక్కారు. వేట ఓడలు రెండు దగ్గర్లో ఉండడం వాళ్ల అదృష్టం. వాటిలో నైటింగేల్ చేరి, అక్కడికి మర్నాడు వచ్చిన చిసదానే అనే డచ్చి ఓడలో కేప్ టౌన్ వెళ్లారు. ఊరిలో మొత్తం సుమారు 290 మంది, వాళ్లలో దీవివాళ్లు 264. ఒక్క ప్రాణం పోలేదు. నూటనలభైనాలుగేళ్లుగా ఆ ఊరు చేస్తున్న పని ఒక్కటే: అల చూసి అందరూ కలిసి పడవ దింపడం. ఆ పొద్దున అదే కాపాడింది.

గుట్టలోంచి లావా పారింది. అది ఊరి పక్కనుంచే పోయి లాబ్‌స్టరు కర్మాగారాన్ని, పడవలు దింపే ఒడ్డును మింగింది. ఇళ్ల జోలికి మాత్రం దాదాపు పోలేదు.

నవంబరు 3న వాళ్లు సౌతాంప్టన్ రేవులో దిగారు. పత్రికలవాళ్లు, కెమెరాలు, దానం ఇచ్చిన కోట్లు. ముందు సర్రీలోని ఒక పాత సైనిక శిబిరంలో, తర్వాత సౌతాంప్టన్ దగ్గర కాల్‌షాట్‌లో వాయుసేన ఖాళీ చేసిన ఇళ్లలో పెట్టారు. ఉద్యోగాలు దొరికాయి, టీవీలు వచ్చాయి, కుర్రాళ్లు మోటారు సైకిళ్లు ఎక్కారు. ఏ ఓడ వచ్చినా ఊరంతా జలుబు పట్టే దీవి నుంచి వచ్చినవాళ్లు కదా, ఇంగ్లండు చలికీ రొంపకూ తట్టుకోలేక కొందరు వృద్ధులు చనిపోయారు. అయినా, ఇన్ని సౌకర్యాలు రుచి చూశాక ఎవరు మాత్రం ఆ లావా దిబ్బకు తిరిగి వెళ్తారు? అధికారుల అంచనా అదే.

1962 సెప్టెంబరుకల్లా పన్నెండుమంది దీవివాళ్లు ముందుగా వెళ్లి చూశారు. ఇళ్లు నిలబడే ఉన్నాయి. వదిలివచ్చిన కుక్కలు అడవిజంతువులై గొర్రెల్ని తినేశాయి. వాళ్లు దుంపలు నాటి, బాగుచేయవలసినవి బాగుచేయడం మొదలెట్టారు. డిసెంబరులో కాల్‌షాట్‌లో ఓటు పెట్టారు. తిరిగి వెళ్దామన్నవాళ్లు 148. ఉండిపోదామన్నవాళ్లు 5. బ్రిటిష్ పత్రికలు నోరెళ్లబెట్టాయి. 1963 ఏప్రిల్‌లో ఒక జట్టు, నవంబరులో బార్న్‌హోమ్ ఓడమీద దాదాపు రెండు వందలమంది ఇల్లు చేరారు. పాత ఒడ్డు లావా కింద పోయింది కాబట్టి 1967 నాటికి చిన్న రేవు కట్టారు. దానికి కాల్‌షాట్ అనే పేరు పెట్టారు. అక్కడ ఉండలేకపోయిన ఊరంటే కోపమేమీ లేదన్నమాట.

ఈ తిరుగు ప్రయాణాన్ని నాగరికతను కాలదన్నిన గొప్ప కథగా చెప్పడం అలవాటైంది. అది సగమే నిజం. వెళ్లినవాళ్లు లాబ్‌స్టరు కూలీని, ఆసుపత్రిని, రేవును వద్దనలేదు, పట్టుబట్టి సాధించుకున్నారు. పైగా 1966లో ముప్ఫై అయిదుమంది మళ్లీ ఇంగ్లండుకే వచ్చేశారు. ఓటు వేసినవాళ్లు కోరుకున్నది పాతకాలాన్ని కాదు. తమ ఊరి సంగతి తాము తేల్చుకునే చోటును.

హద్దులే ఆస్తి

ఇప్పుడు ఊళ్లో రెండు వందల చిల్లర మంది ఉన్నారు. విమానాశ్రయం లేదు. కేప్ టౌన్ నుంచి ఓడలో వారం, ఏడాదికి పది ఓడల లోపే. వచ్చిన ఓడ కూడా అల అనుకూలించకపోతే రోజుల తరబడి ఎదురుగా నిలబడాలి. సముద్రం బాగున్న పొద్దున వేళ వేలాడదీసిన పాత గ్యాస్ సిలిండరును ఇనుపకడ్డీతో కొడతారు. దాన్ని డాంగ్ అంటారు. అది మోగిందంటే ఆరోజు వేటరోజు. ఎక్కడి పనులు అక్కడ ఆపి పడవలు దిగుతాయి, సాయంత్రం కర్మాగారంలో అందరికీ పని. 1882లో దిగిన ఎలుకల మీద పగ కూడా చల్లారలేదు. ఏటా ఒక రోజు ఎలుకల వేట పండగ ఉంది, ఎక్కువ తోకలు తెచ్చిన జట్టుకు, అన్నిటికంటే పొడుగాటి తోకకు బహుమతి.

నేల మొత్తం ఉమ్మడిది. బయటివాళ్లు కొనడానికి లేదు, స్థిరపడడానికీ లేదు. ఒక ఇల్లు ఎన్ని ఆవుల్ని, ఎన్ని గొర్రెల్ని పెంచుకోవచ్చో ఊరే నిర్ణయిస్తుంది. గడ్డి అందరికీ చాలాలి, ఎవరూ మరీ ధనవంతులు కాకూడదు. ఎన్నికైన దీవి మండలిలో కనీసం ఒక మహిళ ఉండాలన్నది నియమం. మరియా పేరు లేని కాగితం అంతవరకు నడిచి వచ్చింది. 2020లో ఈ చిన్న ఊరు తన చుట్టూ సుమారు 6,87,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంతో, దాదాపు దానికి రెండున్నర రెట్లు. 2011లో ఓలివా అనే సరుకు ఓడ నైటింగేల్ రాళ్లకు కొట్టుకుని వేల పెంగ్విన్లు నూనెలో తడిసినప్పుడు వాటిని బుట్టలకెత్తి కడిగిన చేతులివే.

దీనికి వాళ్లు చెల్లించే వెల కూడా ఉంది. ఊరంతా పదిహేనుమంది మూల పూర్వీకుల సంతానమని జన్యు పరిశోధకులు లెక్కగట్టారు. వాళ్లలో కొందరి ఉబ్బసం ఇవాళ ఊరిలో చాలామంది ఊపిరితిత్తుల్లో ఉంది. పెద్ద జబ్బు చేస్తే ఓడ దొరకాలి. చదువుకు వెళ్లిన పిల్లలు అందరూ తిరిగిరారు. లాబ్‌స్టరు ధర పడిపోతే ఊరి బొక్కసం ఖాళీ.

ఒప్పందాలు రాసుకున్న ఊళ్లు చరిత్రలో చాలా ఉన్నాయి. ఆదర్శ సమాజం కడతామని అమెరికా మైదానాల్లో ఆ శతాబ్దంలోనే పుట్టినవి ఎన్నో రెండు తరాలకే చెదిరిపోయాయి. ట్రిస్టన్‌వాళ్లు వాళ్లకంటే మంచివాళ్లని కాదు. మడి చిన్నది, గడ్డి కొంచెం, పడవకు పదిమంది కావాలి. సమానత్వం వాళ్లకు ఆశయం కాదు, పనిముట్టు. వాడకపోతే తుప్పుపడుతుందని తెలుసు కాబట్టి వాడుతూ వచ్చారు.

అయితే ఇలాంటి పనిముట్టు మరో ఊరి దగ్గరా ఉంది. స్కాట్లండ్‌కు పడమరగా, చచ్చిన అగ్నిపర్వతపు అంచుల మీద, పక్షుల్ని పట్టి సమంగా పంచుకుని శతాబ్దాలు బతికిన ఊరు. 1930 ఆగస్టు 29న ఆ ఊళ్లో మిగిలిన 36 మంది ఓడెక్కారు. వాళ్లను ఏ లావా తరమలేదు. తీసుకుపొమ్మని తామే అర్జీ పెట్టుకున్నారు, మళ్లీ ఎప్పటికీ అక్కడ కాపురానికి రాలేదు. అంతే సమానంగా పంచుకున్న ఆ ఊరు ఎందుకు ఓడిపోయింది?

(వచ్చే సంచికలో: సెయింట్ కిల్డా)